గ్రీన్ బిల్డింగ్‌లో ఆఫీస్ ఫ్లోర్: నాకు కలిసొచ్చింది అద్దె కాదు, టెనెంట్

మాదాపూర్‌లో గ్రీన్ రేటింగ్ (కరెంటు, నీళ్లు పొదుపుగా వాడే బిల్డింగులకిచ్చే సర్టిఫికెట్) ఉన్న బిల్డింగ్‌లో మాకో ఆఫీస్ ఫ్లోర్ ఉంది. కొని చాలా ఏళ్లయింది. దీంట్లో నాకు ప్రాణం లేచొచ్చే విషయం ఒక్కటే: టెనెంట్ కదల్లేదు. కోవిడ్ తర్వాత చుట్టుపక్కలంతా టు-లెట్ బోర్డులు వేలాడినా మావాళ్లు ఉండిపోయారు. మూడేళ్లకోసారి పెంచే 15 శాతానికీ పేచీ పెట్టలేదు. ఫ్లోర్ ఖాళీ పడితే అద్దె ఆగడంతో సరిపోదు. మెయింటెనెన్స్ కడుతూనే ఉండాలి, మళ్లీ బ్రోకరేజీ, కొత్తవాళ్లు ఇంటీరియర్స్ చేయించుకునేదాకా అద్దె లేని నెలలు.

సర్టిఫికెట్ పోయే పరిస్థితి వచ్చినప్పుడు దాని విలువ తెలిసింది. మా బిల్డింగ్‌కి ఉన్నది ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) వాళ్లు ఇప్పటికే వాడకంలో ఉన్న బిల్డింగులకిచ్చే ఎగ్జిస్టింగ్ బిల్డింగ్ రేటింగ్, గడువు మూడేళ్లు. అది దగ్గరపడగానే టెనెంట్ నుంచి మెయిల్: కొత్త సర్టిఫికెట్ చూపిస్తేనే రెన్యువల్ మాటలు. కారణం, వాళ్లది షేర్ మార్కెట్లో లిస్టెడ్ కంపెనీ. 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు కరెంటు, నీళ్ల వాడకం లెక్కలు ఏటా బయటపెట్టాలని సెబీ నిబంధన.

రేటింగ్ మళ్లీ రావాలంటే మీటర్ రీడింగులు కావాలి. మెయింటెనెన్స్ ఏజెన్సీని అడిగితే రిజిస్టర్ తెచ్చారు. ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) నుంచి ఏసీ వేడిని బయటికి పంపే కూలింగ్ టవర్‌కి వెళ్లే లైన్ మీటర్ ఎప్పుడో ఆగిపోయింది. పేజీలు తిప్పితే రోజూ అదే అంకె, పక్కన రోజూ సంతకం! చదరపు అడుగుకింతని నెలనెలా ముక్కు పిండి వసూలు చేసేవాళ్లు చేసే పనేనా ఇది? ఓనర్ల మీటింగ్‌లో ఇంకొకాయన ఈ రేటింగ్ ఫీజంతా దండగ అన్నారు. 2003లోనే కొత్తగూడలో పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ల గోద్రెజ్ సెంటర్ అమెరికా గ్రీన్ రేటింగ్ ‘లీడ్’ (LEED)లో అన్నిటికంటే పైదైన ప్లాటినం తెచ్చుకున్న ఊళ్లో ఉండి ఆ మాట వినాల్సి రావడం బాధేసింది. చివరికి కొత్త మీటర్ పెట్టించాం, కొన్ని నెలల రీడింగులు పోగయ్యేదాకా పాత అగ్రిమెంట్ మీదే ఉండటానికి టెనెంట్ ఒప్పుకున్నారు. రేటింగ్ వచ్చింది, లీజు రిజిస్టరైంది.

అద్దె ఎక్కువొస్తుందని నేను చాలామందికి చెప్పాను. వస్తోంది, కాదనను. అందులో రేటింగ్ వాటా ఎంతో, మెట్రో దగ్గరవడం వల్ల ఎంతో విడదీయలేం. కరెంటు ఆదా కూడా టెనెంట్‌దే, బిల్లు కట్టేది ఆయన కాబట్టి. ఓనర్లకు మిగిలేది కామన్ ఏరియా బిల్లులో, నీళ్ల ఖర్చులో తగ్గింపు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండి ఇటువైపంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తుంటే, ఫ్లష్‌లకీ కూలింగ్ టవర్‌కీ శుద్ధి చేసిన నీళ్లే వెళ్లడం వల్ల మా మెయింటెనెన్స్ పెద్దగా పెరగలేదు.

మాకు లోను లేదు, ఉన్నది ఒకే పెద్ద టెనెంట్. క్లినిక్‌కో కోచింగ్ సెంటర్‌కో ఇచ్చేవాళ్లను ఈ సర్టిఫికెట్ అడిగేవాళ్లు ఉండకపోవచ్చు. అద్దెతోనే ఈఎంఐ కట్టాలనుకుంటే ఇంకాస్త ఆలోచించుకోండి. కొనేముందు మాత్రం ఎస్టీపీ గదికి వెళ్లి ఆ రిజిస్టర్ ఒకసారి తిరగేయండి.