చీమకుర్తి రాయి లెక్కల్లో ఎస్‌బీసీఎల్: ఏళ్ల తరబడి వాడాక

చీమకుర్తి గ్రానైట్ బ్లాకుల కొలతలు, గ్యాంగ్‌సాలో (బ్లాకుని పలకలుగా కోసే యంత్రం) ఒక్కో బ్లాకుకు ఎన్ని పలకలొస్తాయి, బ్లేడు మందం పోను ఎన్ని చదరపు అడుగులు మిగులుతాయి: ఈ లెక్కలన్నీ చూసే ప్రోగ్రాం ఒంగోలులో కూర్చుని కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. దాన్ని నడిపేది ఎస్‌బీసీఎల్. 1999 డిసెంబరులో సీఎంయూసీఎల్ అనే పాత లిస్ప్ నుంచి విడిపోయి వచ్చిన కంపైలర్ ఇది, అంటే రాసిన కోడ్‌ని మెషిన్ కోడ్‌గా మార్చేది. ఇప్పటికీ దాదాపు నెలకో వెర్షన్ వస్తుంది. నేను మాత్రం రెండు మూడు పోనిచ్చి ఎక్కిస్తాను.

ఈ కంపైలర్‌కి నోరెక్కువ. నాకు నచ్చిందే అది. పలక విస్తీర్ణం లెక్కగట్టే ఫంక్షన్‌ని వేగం కోసం కంపైల్ చేస్తే, ఫ్లోట్‌ని (దశాంశ సంఖ్యని) పాయింటర్‌గా (మెమరీ చిరునామాగా) మార్చాల్సి వస్తోంది, ఖర్చు 13 అని నోట్ పెడుతుంది. సంగతేమంటే, 64 బిట్ల డబుల్ ఫ్లోట్‌లో టైప్ ట్యాగుకి (విలువ ఏ రకమో చెప్పే గుర్తుకి) చోటు మిగలదు. అందుకని ఫంక్షన్ దాటి బయటికి పంపేటప్పుడు హీప్‌లో (ప్రోగ్రాం నడుస్తూ వాడుకునే మెమరీలో) 16 బైట్లు తీసుకుని అందులో పెట్టి పంపాలి. ఒక బ్లాకుని ఎన్ని రకాలుగా కోయొచ్చో వెతికే లూపులో ఇవి లక్షల్లో పుడతాయి, వాడని మెమరీని ఏరేసే గార్బేజ్ కలెక్టర్‌కి ఊపిరాడదు. ఆ చిన్న ఫంక్షన్‌ని ఇన్‌లైన్ అని (పిలిచిన చోటే దాని కోడ్ పరిచేయమని) ప్రకటిస్తే ఆ పెట్టడం తీయడం పోతుంది, నోటూ పోతుంది. డిసాసెంబుల్ చేసి, అంటే మెషిన్ కోడ్ తెరిచి చూసుకుంటే గుణకారం నేరుగా రిజిస్టర్లలోనే జరుగుతూ కనబడుతుంది.

ఏ విలువ ఏ టైపో కంపైలర్ ఊహించడం కూడా ఏటికేడు పదునెక్కింది. ఖాళీ గడి వల్ల వచ్చిన నిల్ (లిస్ప్‌లో 'ఏమీ లేదు') గుణకారం దాకా వెళ్లే దారి ఉంటే, ఒకప్పుడు నడిచేటప్పుడే తెలిసేది. ఇప్పుడు అలాంటివి కొన్నిటికి కంపైల్ దశలోనే హెచ్చరిక వస్తోంది. సోర్స్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

ఫ్యాక్టరీలకు నేను పంపేది ఒక్కటే ఫైలు, రన్‌టైమ్‌తో సహా. కుదించకపోతే పదుల ఎంబీలు ఉంటుంది. 2022లో కుదింపు జెడ్‌లిబ్ నుంచి జెడ్‌స్టాండర్డ్‌కి మారాక, పాత కంప్యూటర్లలో కూడా చప్పున తెరుచుకుంటోంది. ఫాస్ల్ ఫైళ్లు (కంపైల్ చేసిన కోడ్ ఫైళ్లు) మాత్రం చేత్తో కాపీ చేసి పంపకండి, వెర్షన్ మారితే లోడ్ కావు.

అసలు టెన్షన్ హీప్ నిండినప్పుడే. ఏడాది రికార్డులన్నీ ఒకేసారి తెరిచారంటే ప్రోగ్రాం ఎల్‌డీబీ అనే లోలోపలి మానిటర్‌లో పడిపోతుంది. "అన్నా, ఎల్‌డీబీ అని ఏందో వచ్చి ఆగిపోయింది, ఏం నొక్కేది?" అని గుమస్తా ఫోను. అతను మాత్రం ఏం నొక్కుతాడు పాపం! డైనమిక్ స్పేస్ సైజు, అంటే హీప్ పరిమితి, పెంచడం ఒక మందు. రెండోది, డిసేబుల్ ఎల్‌డీబీ అనే ఆప్షన్ పెట్టి ప్రాసెస్‌ని చావనిచ్చి, లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీతో మళ్లీ లేపడం. కొత్తగా మార్క్ రీజియన్ అనే గార్బేజ్ కలెక్టర్‌ని కూడా చేర్చారు, కావాలంటే బిల్డ్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. పని ఆగితే కరెంటు బిల్లు ఆగని చోట నేనింకా పెట్టలేదు.

మామూలు ఎర్రర్లయితే దిగులే లేదు. వెడల్పు సున్నా అని కొట్టి భాగహారం దగ్గర ఆగిపోతే, ఒంగోలు నుంచే స్లైమ్‌తో (ఈమాక్స్ ఎడిటర్ నుంచి నడుస్తున్న లిస్ప్‌కి కలిపే పనిముట్టుతో) దానికి కలిసి ఫంక్షన్ సరిచేసి, అదే చోటు నుంచి రీస్టార్ట్ ఇస్తాను. గుమస్తా అప్పటిదాకా ఎక్కించిన బ్లాకులు ఒక్కటీ పోవు.