జర్మనీయా, ఐర్లాండా? ఊళ్ళో పెద్దవాళ్ళున్న కుటుంబాలకు ఏ పౌరసత్వం మేలు?

యూరప్‌లో ఉద్యోగం చేస్తూ నాలుగైదేళ్ళు నిండుతున్న మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ఈ మధ్య అడిగేది ఒకటే. జర్మనీలో సిటిజెన్‌షిప్ తీసుకోవడం మేలా, ఐర్లాండ్‌లోనా? పిల్లల్ని ఎం.ఎస్.కి ఎక్కడికి పంపాలా అని చూస్తున్న తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతున్నారు. మేము ఉండేది జర్మనీలో. పోయినేడాది మా ఇద్దరికీ, పాపకీ పౌరసత్వం వచ్చింది. మా ఆడపడుచు వాళ్ళు డబ్లిన్‌లో ఉండి అక్కడే తీసుకున్నారు. రెండు దారులూ దగ్గరగా చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. బ్లూకార్డు (నిపుణ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి), పీఆర్ (శాశ్వత నివాస అనుమతి), సిటిజెన్‌షిప్ గురించి మళ్ళీ మొదటి నుంచి చెప్పను.

అందరూ ముందు పోల్చేది ఏళ్ళు. ఆ లెక్కన రెండూ ఐదేళ్ళే. జర్మనీలో 2024 జూన్ 27 నుంచి ఎనిమిదేళ్ళ నిబంధన ఐదుకు తగ్గింది. భాష బాగా వచ్చి, ఉద్యోగంలోనో చదువులోనో రాణించినవాళ్ళకు మూడేళ్ళకే ఇచ్చే దారి కూడా అప్పుడే పెట్టారు, కానీ 2025 అక్టోబరు చివర్లో దాన్ని తీసేశారు. మూడేళ్ళలో జర్మన్ పాస్‌పోర్టు అంటూ పాత వీడియోలు ఇంకా తిరుగుతున్నాయి, వాటిని పట్టించుకోకండి. ఐర్లాండ్‌లో దరఖాస్తుకు ముందు ఏడాది అక్కడే ఉండాలి, దానికి ముందు ఎనిమిదేళ్ళలో మరో నాలుగేళ్ళు ఉండాలి.

విద్యార్థుల విషయంలో మాత్రం ఆ ఐదూ ఈ ఐదూ ఒకటి కావు. జర్మనీలో చట్టబద్ధంగా ఉన్న చదువు కాలం కూడా ఐదేళ్ళలో కలుస్తుంది. దరఖాస్తు చేసే నాటికి స్టూడెంట్ వీసా మీద కాకుండా బ్లూకార్డు మీదో, పీఆర్ మీదో ఉంటే చాలు. ఐర్లాండ్‌లో స్టాంప్ 2 అనే విద్యార్థి అనుమతి మీద చదివిన కాలం లెక్కలోకి రాదు, మీటరు ఉద్యోగ అనుమతితోనే మొదలవుతుంది. ఎం.ఎస్. పిల్లలకు ఇక్కడే జర్మనీ ముందుంటుంది.

ఖర్చు గురించి ఒక్క మాట. జర్మనీలో పెద్దవాళ్ళకు 255 యూరోలు, తల్లిదండ్రులతో కలిపి పెట్టే పిల్లలకు 51. ఐర్లాండ్‌లో దరఖాస్తుకు 175, మంజూరయ్యాక సర్టిఫికెట్‌కు పెద్దవాళ్ళకైతే 950. జీవితంలో ఒక్కసారి పెట్టే ఖర్చు, దీన్ని బట్టి దేశాన్ని ఎంచుకోనక్కర్లేదు.

అందరికీ టెన్షన్ పెట్టేది భాష. ఐర్లాండ్‌లో భాషా పరీక్ష లేదు, దేశం గురించిన పరీక్షా లేదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, పోలీసు పరిశీలన అయ్యాక, పౌరసత్వ వేడుకకు వెళ్ళి ప్రమాణం చేస్తే పని అయిపోతుంది. జర్మనీలో బీ1 స్థాయి, అంటే రోజువారీ పనులకు సరిపోయే మధ్యస్థాయి జర్మన్ కావాలి, పైగా 33 ప్రశ్నల పరీక్షలో కనీసం 17 సరిగ్గా రాయాలి. ఈ రెండో పరీక్షకు భయపడకండి. ప్రశ్నలన్నీ ముందే ప్రకటించిన 310 ప్రశ్నల నుంచే వస్తాయి. బీ1 దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆఫీసులో పని అంతా ఇంగ్లీషులో నడుస్తుంది, సాయంత్రం ఇంటికొచ్చాక క్లాసుకు వెళ్ళే ఓపిక ఉండదు. నేను చూసిన చాలా ఇళ్ళలో ముందు బీ1 పాసైంది భార్యలే. 600 గంటల భాష, 100 గంటల జర్మన్ చరిత్ర, చట్టాలు ఉండే ఇంటిగ్రేషన్ కోర్సులో చేరి, బడి దగ్గర, డాక్టరు దగ్గర, కూరగాయల సంతలో రోజూ మాట్లాడి నేర్చుకున్నారు. ఐటీ కంపెనీల్లో ఉన్న భర్తలు నాలుగో ఏడు దాటాక కంగారు పడుతున్నారు. దరఖాస్తు ఇద్దరూ కలిసి పెట్టాలంటే ఇద్దరికీ ఆ సర్టిఫికెట్ ఉండాలి. మొదటి ఏడాదే మొదలుపెట్టినవాళ్ళకు ఇది పెద్ద కష్టం కాదు. బ్లూకార్డు ఉన్నవాళ్ళకు బీ1 ఉంటే పీఆర్ 21 నెలలకే వస్తుంది, ఏ1తో, అంటే మొదటి మెట్టుతో అయితే 27 నెలలు.

ఇంతవరకు చూస్తే ఐర్లాండే సులువు అనిపిస్తుంది. కాగితాల పని వరకు నిజంగానే సులువు. కానీ నా ఉద్దేశంలో అసలు తేల్చాల్సింది వేరే ఉంది. ఊళ్ళో అమ్మానాన్నలకు కష్టం వస్తే, ఈ దేశం మిమ్మల్ని ఎంతకాలం వెళ్ళనిస్తుంది? వెళ్ళి తిరిగొస్తే ఇక్కడ మీ స్థానం అలాగే ఉంటుందా?

మన ఇళ్ళలో ఇది ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సమస్యే. అమ్మానాన్నలు ఎన్నారై పిల్లల్ని కన్న గర్వంతో కొన్నాళ్ళు ఒంటరిగా నెట్టుకొస్తారు, తర్వాత ఒక పక్షవాతమో, తుంటి ఎముక విరగడమో వస్తుంది. రెండు వారాల సెలవు చాలదు, అప్పుడు నెలల తరబడి ఉండాల్సి వస్తుంది. మా మామయ్యగారు కాకినాడలో మంచాన పడ్డప్పుడు మాకు అప్పటికి పీఆర్ మాత్రమే ఉంది. ఆయన దగ్గర కూర్చున్నా సగం మనసు క్యాలెండర్ మీదే ఉండేది. ఎందుకంటే జర్మనీలో మామూలు పీఆర్ ఉన్నవాళ్ళు ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే అది రద్దవుతుంది. విదేశీయుల కార్యాలయం ముందే ఎక్కువ గడువు రాసిస్తే తప్ప చాలామందికి మినహాయింపు ఉండదు. ఐదేళ్ళు నిండాక ఈయూ దీర్ఘకాల నివాస అనుమతి తీసుకుంటే యూరోపియన్ యూనియన్ బయట 12 నెలల వరకు, అంతకు ముందు బ్లూకార్డు ఉన్నవాళ్ళైతే 24 నెలల వరకు ఉండొచ్చు. ఏడాది, రెండేళ్ళు కూడా కొందరు పెద్దవాళ్ళ విషయంలో చాలవు.

పెద్దవాళ్ళనే ఇక్కడికి తెచ్చుకోవచ్చు కదా అంటారు. 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి అనుమతి పొందిన నిపుణ ఉద్యోగులకు తల్లిదండ్రుల్ని తెచ్చుకునే వీలు జర్మనీ కల్పించింది. కానీ వాళ్ళ ఖర్చులన్నీ మనమే చూడాలి, పూర్తి ఆరోగ్య బీమా చూపించాలి. 70 దాటిన మనిషికి, అందులోనూ షుగరు, బీపీ ఉంటే, ఆ బీమా దొరకడమే అసలు సమస్య. పైగా చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళో, పలకరించే మనిషి లేకుండా, పెద్దవాళ్ళు ఉండలేరు. మనమే వెళ్ళాలి.

అందుకే ఈ కోణం నుంచి రెండు దేశాలనూ దశలవారీగా చూడండి. దరఖాస్తుకు ముందు దశలో జర్మన్ పౌరసత్వ చట్టం ఒక్కో విడతకు ఆరు నెలల వరకు విదేశంలో ఉన్నా నివాసం తెగినట్టు లెక్కించదు. ఐర్లాండ్‌లో దరఖాస్తుకు ముందు ఏడాదిలో 70 రోజుల వరకే బయట ఉండొచ్చు, కుటుంబంలో జబ్బు లాంటి అసాధారణ కారణాలుంటే మరో 30 రోజులు కలుపుతారు. ఇదీ 2023లో చట్టంలోకి ఎక్కింది. అంతకు ముందు, 2019 జులైలో అక్కడి హైకోర్టు, ఆ ఏడాదిలో ఒక్క రోజు బయట ఉన్నా నివాసం తెగినట్టేనని తీర్పు చెప్పింది. అదే నవంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నాలుగు నెలలూ అక్కడున్న మనవాళ్ళు ఎంత ఆందోళన పడ్డారో మా ఆడపడుచు ఇప్పటికీ చెబుతుంది.

పౌరసత్వం వచ్చాక తేడా ఇంకా పెద్దది. జర్మన్ పౌరులు కాకినాడలో పదేళ్ళున్నా జర్మన్ పౌరులే, ఎక్కడా నమోదు చేయించుకోవాల్సిన పని లేదు. ఐర్లాండ్‌లో సహజీకరణ ద్వారా, అంటే మనలా దరఖాస్తు పెట్టి పౌరులైనవాళ్ళు దేశం బయట స్థిరపడితే, పౌరసత్వం నిలుపుకుంటామని ఏటా ఒక ఫారం పంపాలి. పంపకుండా వరుసగా ఏడేళ్ళు బయట ఉంటే ప్రభుత్వం పౌరసత్వాన్ని వెనక్కి తీసుకోగలదు. ఏటా ఒక ఫారమే కదా అనొచ్చు. ఆసుపత్రులు, తద్దినాలు, పొలం తగాదాల మధ్య ఏడేళ్ళు ఏటా అది గుర్తుంచుకోవడం తేలిక కాదు. అక్కడ పౌరసత్వం తీసుకుని వెనక్కి వచ్చేసినవాళ్ళు ఇప్పుడే ఫోనులో రిమైండర్ పెట్టుకోండి.

ఈ కారణం చేతే నేను జర్మనీ వైపు మొగ్గుతాను. బీ1 కోసం పడే కష్టం రెండేళ్ళది. ఇంటికి వెళ్ళి ఉండగలిగే స్వేచ్ఛ జీవితాంతం ఉంటుంది.

ఐర్లాండ్‌కు ఉన్న ఒక పెద్ద బలం చెప్పకపోతే అన్యాయం. ఐరిష్ పౌరులు బ్రిటన్‌లో వీసా లేకుండా ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. కామన్ ట్రావెల్ ఏరియా అనే ఆ ఏర్పాటు బ్రెగ్జిట్ తర్వాత కూడా అలాగే ఉంది. యూరోపియన్ యూనియన్ అంతటితో పాటు లండన్ కూడా కావాలనుకునే డాక్టర్లు, నర్సులు, బ్యాంకింగ్‌లో ఉన్నవాళ్ళకు దీనికి సాటి ఇంకొకటి లేదు. ఊళ్ళో అన్నో చెల్లో అమ్మానాన్నల్ని చూసుకుంటుంటే, భాష నేర్చుకునే వీలు ఇద్దరికీ లేకపోతే, నేనూ ఐర్లాండే వెళ్ళమంటాను. డబ్లిన్‌లో ఇంటి అద్దెలు మాత్రం ముందే లెక్క వేసుకోండి.

అక్కడ పుట్టే పిల్లల సంగతి. జర్మనీలో తల్లిదండ్రుల్లో ఒకరు చట్టబద్ధంగా ఐదేళ్ళు ఉండి, పీఆర్ కలిగి ఉంటే బిడ్డ పుట్టుకతోనే జర్మన్. ఐర్లాండ్‌లో బిడ్డ పుట్టే ముందు నాలుగేళ్ళలో తల్లో తండ్రో మూడేళ్ళు లెక్కకొచ్చే నివాసం ఉంటే సరిపోతుంది. ఇందులో ఐర్లాండ్ మెరుగు. బిడ్డకు ఏ పాస్‌పోర్టు తీసుకోవాలో వెంటనే నిర్ణయించుకోండి. భారత పౌరసత్వం కావాలంటే ఏడాదిలోగా భారత దౌత్య కార్యాలయంలో జననం నమోదు చేయించి, వేరే దేశపు పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి.

జర్మనీ, ఐర్లాండ్ రెండూ ద్వంద్వ పౌరసత్వానికి ఒప్పుకుంటాయి. ఒప్పుకోనిది మన దేశం. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం ఇంకో దేశపు పౌరసత్వం ఇష్టపూర్వకంగా తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత ఉండేది ఓసీఐ, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన దేశం ఇచ్చే కార్డు. దానితో ఓటు ఉండదు, రాజ్యాంగ పదవులు ఉండవు, నీట్‌లో పిల్లలు ఎన్నారై సీట్లకే పోటీ పడాలి. పొలం గురించి చాలామంది అడుగుతారు. ఓసీఐ ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదు, బహుమతిగానూ తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అయితే విదేశంలో ఉన్నంత కాలం భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైకి కూడా పొలం కొనే హక్కు లేదు. తేడా వచ్చేది మీరు శాశ్వతంగా వెనక్కి వచ్చేసినప్పుడు. పదవీ విరమణ తర్వాత గోదావరి జిల్లాలో కొబ్బరితోట కొనుక్కోవాలన్న కోరిక గట్టిగా ఉన్నవాళ్ళు పీఆర్ దగ్గరే ఆగడం గురించి ఆలోచించండి. అమ్మానాన్నల కోసం వెళ్ళి ఉండటానికి మాత్రం ఓసీఐ చక్కగా సరిపోతుంది. ఎన్నేళ్ళున్నా పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

మిగతా దేశాల గురించి క్లుప్తంగా. నెదర్లాండ్స్ ఐదేళ్ళే. అక్కడ పాత పౌరసత్వం సాధారణంగా వదులుకోవాలి, మనకు అది ఎలాగూ పోతుంది కాబట్టి కొత్త నష్టం లేదు. ఫ్రాన్స్‌లో ఉన్నత చదువు రెండేళ్ళు పూర్తి చేసినవాళ్ళకు ఐదేళ్ళ నిబంధన రెండేళ్ళకు తగ్గుతుంది, కానీ 2026 నుంచి భాష బీ1 కన్నా పై మెట్టు అయిన బీ2 స్థాయిలో రావాలి. పోర్చుగల్ నిన్నటిదాకా ఐదేళ్ళతో అందరినీ ఆకర్షించింది. 2025 అక్టోబరులో అక్కడి పార్లమెంటు దాన్ని పదేళ్ళు చేసే బిల్లును ఆమోదించింది, రాజ్యాంగ న్యాయస్థానం అందులో కొన్ని భాగాలను తప్పుబట్టింది. కొత్తగా దాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు. ఫిన్లాండ్ 2024 అక్టోబరులో ఐదును ఎనిమిది చేసింది. ఇటలీ, స్పెయిన్, స్విట్జర్లాండ్‌లో మనలాంటివాళ్ళకు పదేళ్ళు. డబ్బు పెట్టి పౌరసత్వం కొనే మాల్టా పథకం చట్టవిరుద్ధమని 2025 ఏప్రిల్ 29న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. ఎవరైనా ఏజెంటు అది ఇప్పిస్తానంటే డబ్బు ఇవ్వకండి.

జర్మనీ ఎంచుకున్నవాళ్ళు ఆలస్యానికి సిద్ధపడాలి. పెద్ద నగరాల్లో దరఖాస్తుల గుట్టలు ఉన్నాయి, ఏడాది దాటి ఎదురు చూసినవాళ్ళు చాలామంది. మూడు నెలలు దాటినా సరైన కారణం లేకుండా నిర్ణయం రాకపోతే పరిపాలనా కోర్టుకు వెళ్ళే హక్కు ఉంది. పౌరసత్వ పత్రం చేతికొచ్చిన వారంలోనే జర్మన్ పాస్‌పోర్టుకు, అది రాగానే భారత పాస్‌పోర్టు సరెండర్‌కు, ఓసీఐకి దరఖాస్తు పెట్టండి. పాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయొద్దు, అది నేరం. ఓసీఐ చేతికొచ్చేలోపు ఊరి నుంచి ఫోన్ వస్తే జర్మన్ పాస్‌పోర్టు మీద ఇండియా ఈ-వీసా తీసుకుని బయల్దేరొచ్చు. అది మామూలుగా కొద్ది రోజుల్లోనే వస్తుంది.