పాత కారులో ఆరేళ్లుగా వాడుతున్న బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్: నా అనుభవం

ఇరవై ఏళ్లు దాటిన నా పెట్రోలు కారులో ఈఎల్‌ఎం327 (కారు కంప్యూటర్‌తో మాట్లాడే చిప్) తరహా బ్లూటూత్ అడాప్టర్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాను. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో, అంటే బండి లోపాలు కనిపెట్టడానికి ఇచ్చిన సాకెట్‌లో, దాన్ని పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే, ఇంజన్ కంప్యూటర్ లోలోపల వేసుకునే లెక్కలు ఎన్నో కనిపిస్తాయి. లోపాల కోడ్‌లు చదువుకుంటే చాలుననుకొని కొన్నాను గానీ, దాని అసలు విలువ బండి పికప్ పోయినప్పుడే తెలిసింది.

ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగేది కాదు, ఆగి ఉంటే ఇంజన్ వణికేది, కొన్నాళ్లకు చెక్ ఇంజన్ దీపం కూడా వెలిగింది. అడాప్టర్ చూపిన కోడ్ పీ0171, అంటే మిశ్రమం లీన్‌గా ఉంది, గాలికి తగినంత పెట్రోలు అందడం లేదు. బరువులో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి ఉండాలి. గాలి ఎక్కువైందని పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెప్పినప్పుడల్లా కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, ఎంత శాతం పెంచిందో ఫ్యూయల్ ట్రిమ్ అంకె చెబుతుంది. మెకానిక్ కోడ్ వినగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేద్దామన్నాడు. అది ఉన్నమాటే చెబుతోందేమో చూడకుండా దాని మీదే నేరం మోపడం నాకు నచ్చలేదు.

లాంగ్ టర్మ్ ట్రిమ్ (కంప్యూటర్ కొంతకాలంగా నేర్చుకుని గుర్తుంచుకున్న సవరణ) ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, 22 శాతం, 2500 ఆర్‌పీఎం దగ్గర 11 శాతం ఉంది. ఇది 5 లోపు ఉంటే నిశ్చింత, 10 దాటితే కారణం వెతకాల్సిందే. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి వేగం పెంచితే తగ్గడం వాక్యూమ్ లీకు లక్షణం, ఎందుకంటే థ్రాటిల్ (గాలి దారిలోని మూత) మూసి ఉన్నప్పుడు ఇంజన్ పీల్చే గాలే కొద్దిగా ఉంటుంది కనుక పగుల్లోంచి దూరే దొంగ గాలి అందులో పెద్ద వాటా అవుతుంది. ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి దారిలోకి పంపే పీసీవీ గొట్టం వంపులో, వేళ్లతో విరిచి చూస్తే తప్ప కనపడని పగులు దొరికింది. గొట్టం మార్చాక ఐడిల్ ట్రిమ్ 4కు దిగింది, వణుకు పోయింది.

పికప్ మాత్రం రాలేదు. ఎయిర్ ఫిల్టర్ మార్చి, గాలిని కొలిచే సెన్సర్‌ను శుభ్రం చేసి ఒక నెల వృథా చేసుకున్నాను. చివరికి ఎత్తు ఎక్కుతూ యాప్‌లో అంకెలు రికార్డు చేస్తే, బరువు పడేకొద్దీ ట్రిమ్ 18 దాకా పెరిగింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ కావాలనే పెట్రోలు ఎక్కువ ఇస్తుంది, పెట్రోలు ఎక్కువైతే ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి అది 0.8 వోల్టుల పైన ఉండాలి, నాది 0.1 దగ్గర పడి ఉంది. అంటే అడిగినంత పెట్రోలు రావడమే లేదు. ఇక్కడితో అడాప్టర్ పని అయిపోయింది, ఎందుకంటే ఈ కారులో ఇంధన పీడనం కొలిచే సెన్సరే లేదు.

గేజ్ తెచ్చి ఫ్యూయల్ లైనుకు బిగించి, డయల్‌ను ముందు అద్దానికి బయటి నుంచి టేపుతో అంటించాను. పెట్రోలుతో వ్యవహారం కాబట్టి ఒక్క చుక్క కారినా ఆ పని ఆపేయాలి. బండి ఆగి ఉన్నప్పుడు 3 బార్ ఉన్న పీడనం ఎత్తు ఎక్కేసరికి 2 కంటే కిందికి దిగిపోయింది. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చినా అంతే. పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే, బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండగా అక్కడ 10.8 మాత్రమే వచ్చింది. వెనక సీటు కింద ఎర్త్ వైరు బోల్టు పచ్చటి చిలుముతో నిండిపోయి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించగానే పంపుకు 13.5 వోల్టులు అందాయి, పీడనం నిలిచింది, బండి మళ్లీ లాగింది.

ఇక లోపాలు. మొదట కొన్న చవక నకలు నా కారు కంప్యూటర్ మాట్లాడే పాత పద్ధతితో (ప్రోటోకాల్) కలవనే లేదు. ఇప్పుడున్నదైనా నాలుగు రకాల రీడింగులకు మించి ఒకేసారి అడిగితే నత్తనడక నడుస్తుంది, కాబట్టి ట్రిమ్‌లు, ఆర్‌పీఎం, సెన్సర్ వోల్టేజీ తప్ప మరేమీ పెట్టను. యాప్‌లో కోడ్‌లు చెరిపే మీట నొక్కితే కంప్యూటర్ నేర్చుకున్న ట్రిమ్‌లతో పాటు, లోపం పుట్టిన క్షణాన దాచిన అంకెల చిట్టా (ఫ్రీజ్ ఫ్రేమ్) కూడా పోతుంది. దాన్ని ముందు కాగితం మీద రాసుకోవడం ఒకసారి పోగొట్టుకున్నాక అలవాటైంది. తాళం తీసినా సాకెట్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది. అడాప్టర్ వదిలేసి పది రోజులు ఊరెళ్లి వస్తే బ్యాటరీ దిగిపోయి ఉంది. ఇప్పుడది డ్యాష్‌బోర్డు అరలో, ఆ తీసేసిన పీసీవీ గొట్టం ముక్క పక్కన ఉంటుంది.