కుక్కతో పోలండ్ చలికాలం ట్రిప్: క్రాకో దారా, గ్దాన్స్క్ దారా?

బెర్లిన్ నుంచి కారులో వెళ్తే పోలండ్ పాత నగరాలకు మాకు రెండు దారులు. దక్షిణాన వ్రోత్సవాఫ్, క్రాకో. ఉత్తరాన తొరూన్, గ్దాన్స్క్. మా లాబ్రడార్ మోతీని వెంటేసుకుని రెండూ తిరిగాం, రెండుసార్లూ జనవరిలోనే. క్రిస్మస్ బజార్ల రద్దీలో కుక్కను నడిపించడం మా వల్ల కాదు.

కుక్క పక్కనుంటే మ్యూజియంలు, కోట గదులు దాదాపు లేనట్టే. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట చలిలో నిలబడాలి. అందుకే నేను చూసేది ఒక్కటే: ఊరు బయటి నుంచి ఎంత దొరుకుతుంది?

ఆ లెక్కన క్రాకో గొప్పది. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్దగా దెబ్బతినలేదు. పాత కోట గోడలు తీసేసిన చోట ప్లాంటీ అనే పార్కు ఉంది, పాత నగరం చుట్టూ దాదాపు 4 కిలోమీటర్లు. పొద్దున్నే మంచులో ఒక చుట్టు వేస్తే మోతీకి పండగే. వావెల్ కోట దగ్గర, విస్తులా నది ఒడ్డున జోక్ అనే కుక్క విగ్రహం 2001లో పెట్టారు. యజమాని చనిపోయాక ఒక రౌండబౌట్ దగ్గర ఏడాదిపాటు ఆయన కోసం ఎదురుచూసిన కుక్క అది. రెండు అరచేతుల మధ్య కూర్చుని ముందుకాలు చాపుతూ ఉంటుంది. అక్కడ నాకు కళ్లు చెమర్చాయి.

కానీ క్రాకో లోయలో ఉంది, చలికాలంలో పొగ కదలదు. నగరంలో బొగ్గు, కట్టెలు కాల్చడాన్ని 2019 సెప్టెంబర్ నుంచి నిషేధించినా చుట్టుపక్కల ఊళ్ల పొగ వస్తూనే ఉంటుంది. పైగా పేవ్‌మెంట్ల మీద ఉప్పు. పెద్ద చౌక్ మధ్యలో మోతీ ఉన్నట్టుండి ఆగి ఒక కాలు పైకెత్తింది. చూస్తే వేళ్ల సందుల్లో ఉప్పు, మంచు కలిసి గడ్డకట్టి ఉన్నాయి, చర్మం ఎర్రబడింది. ఆ రోజు నుంచి ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు, ఒక పాత తువ్వాలు లేకుండా నేను బయటికి రాను.

ఉత్తరాన కూడా ఉప్పు చల్లుతారు. తేడా ఏమిటంటే, అక్కడ బాల్టిక్ సముద్రపు బీచ్ ఉంది. వేసవిలో స్నానాల బీచ్‌లలోకి కుక్కల్ని రానివ్వరు, చలికాలంలో అడ్డు లేదు. గ్దాన్స్క్ పక్కనే ఉన్న సోపోట్ ఊరి వైపు ఇసుకలో మోతీ పరిగెత్తినట్టు ఇంకెక్కడా పరిగెత్తలేదు. గాలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. డిసెంబర్ చివర్లో గ్దాన్స్క్‌లో పగటి వెలుగు ఉండేది 7 గంటలే, క్రాకోలో ఇంకో గంట ఎక్కువ. తొరూన్ చిన్నది, ఇటుక గోడల పక్క నుంచి నదీ తీరానికి నడిచే వెళ్లొచ్చు.

డ్రైవింగ్‌లోనూ ఉత్తరమే సుఖం. తొరూన్ నుంచి గ్దాన్స్క్ దాదాపు 170 కిలోమీటర్లు, వ్రోత్సవాఫ్ నుంచి క్రాకో 270. పోలండ్‌లో పగలు కూడా లైట్లు వేసుకునే నడపాలి.

పేపర్ల సంగతి: యూరోపియన్ యూనియన్ దేశాల్లో పెరిగిన కుక్కకు మైక్రోచిప్, పెట్ పాస్‌పోర్ట్, రేబీస్ టీకా చాలు. మొదటి టీకా అయితే 21 రోజులు ఆగాలి. ఇండియా నుంచి తెచ్చేవాళ్లు రక్తపరీక్ష చేయించి, శాంపిల్ ఇచ్చాక మూడు నెలలు ఆగాలి.

వయసులో ఉన్న, పరుగు కావాల్సిన కుక్క అయితే నేను గ్దాన్స్క్ దారే చెప్తాను. ముసలి కుక్కయితే క్రాకో వెళ్లండి, గాలి బాగున్న రోజు చూసుకుని ప్లాంటీలో మెల్లగా నడిపించండి. ఈ జనవరికి మేం మళ్లీ గ్దాన్స్క్‌కే వెళ్తున్నాం.