జహీరాబాద్ చేలల్లో కలుపు కూరలు: ఎవరి వెంట వెళ్లాలి, ఎక్కడ దిగాలి

వాటంతట అవే మొలిచే కూరలను గుర్తుపట్టి వండుకోవడం నేర్చుకోవాలని ఎవరైనా అడిగితే, వానాకాలంలో జహీరాబాద్ వైపు మెట్ట చేలకు వెళ్లమనే చెబుతాను.

మేం మొదట వికారాబాద్ దగ్గర ఒక రిసార్ట్‌లో దిగాం. గది బాగుంది, అనంతగిరి గాలి ఇంకా బాగుంది. కానీ ‘ప్రకృతి నడక’ పేరుతో తీసుకెళ్లిన అబ్బాయి ఫోన్‌లో మొక్కను ఫొటో తీసి, యాప్ చూపించిన పేరు చదివి, ఆకు నమిలి చూడమన్నాడు. మేం నమల్లేదు. ఉమ్మెత్త, అడవినాభి లాంటి విషపు మొక్కలు మన దగ్గరే పెరుగుతాయి. ఫొటోను నమ్మి నోట్లో పెట్టుకునే విషయం కాదిది. పైగా రిజర్వ్ ఫారెస్ట్‌లో ఇష్టం వచ్చినట్టు ఆకు కోయకూడదు కూడా. విశ్రాంతికైతే అక్కడికి వెళ్లండి, నేర్చుకోవడానికి మాత్రం వద్దు.

జహీరాబాద్ హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద వంద కిలోమీటర్ల పైచిలుకు. బస్సులు బాగానే ఉన్నాయి. ఊళ్లో లాడ్జిలు మామూలువి. హైవే వైపు గది ఇస్తే లారీల మోతకు నిద్ర ఉండదు, వెనక వైపు గది అడగండి.

పక్కనే ఉన్న పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళా రైతులతో పనిచేస్తోంది. జొన్న, కంది, పెసర, కొర్ర కలిపి వేసే, మందు కొట్టని చేలు ఇక్కడ ఇంకా ఉన్నాయంటే దానికి వీళ్ల పట్టుదలే ముఖ్య కారణం. తెలిసినవాళ్ల ద్వారా అలాంటి చేనున్న ఒక పెద్దమ్మను కలిశాం. మాతో తిరిగితే ఆమెకు ఒక పూట కూలి పోతుంది. అందుకే ముందే మాట్లాడుకుని, కూలికి మించే ఇచ్చాం. మీరూ అలాగే ఇవ్వండి.

జొన్న సాళ్ల మధ్య ఆమె ముందు చూపించింది గంగవాయిలి. ఎర్రటి నున్నటి కాడ, దళసరి ఆకు. దాని పక్కనే అలాగే నేలకు పాకిన నానబాలు జాతి మొక్క ఉంది. రెండిటినీ తెంపి నా అరచేతిలో పెట్టింది. గంగవాయిలి కాడ నుంచి నీళ్లలాంటి రసం వచ్చింది, రెండోదాని నుంచి తెల్లటి పాలు కారాయి. “పాలు కారితే పారెయ్యి బిడ్డా” అంది. పాలు లేనంత మాత్రాన ఏ మొక్కైనా తినొచ్చని కాదు, ఈ రెండిటినీ విడదీసే గుర్తు అది. చెంచలి, గునుగు, తుమ్మి కూడా అలాగే చేత్తో పట్టించి, వాసన చూపించి చెప్పింది.

గట్టు దాటి పక్కనే ఉన్న పత్తి చేనులోకి మాత్రం మమ్మల్ని అడుగు పెట్టనివ్వలేదు. అక్కడా గంగవాయిలి నిండుగా ఉంది, కానీ గడ్డి మందు కొట్టారట. నాకు అన్నిటికంటే విలువైన పాఠం అదే. మొక్కను ఎంత బాగా గుర్తుపట్టినా, ఆ చేనులో ఏం కొట్టారో తెలియకపోతే ఆ కూర తినకూడదు. హైవే పక్కన, మురుగు కాలువ గట్టున మొలిచినదీ అంతే.

మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే జొన్న రొట్టెలు, చెంచలి పప్పు, చింతపండు, వెల్లుల్లి వేసి వండిన తుమ్మి కూర. తుమ్మి కొంచెం చేదుగా ఉన్నా ఆ పులుపుతో బాగా కుదిరింది. ఇంత మంచి భోజనం ఆ ప్రయాణంలో మాకు ఇంకెక్కడా దొరకలేదు.

కిడ్నీలో రాళ్లున్నవాళ్లు గంగవాయిలి జోలికి పోకపోవడం మంచిది, అందులో ఆక్సలేట్లు ఎక్కువ. మిగతావాళ్లయినా కొత్త కూరను ఒకేసారి ఎక్కువ తినకండి. ఒక్కటే వండుకుని, కొద్దిగా తిని, మర్నాడు ఎలా ఉందో చూసుకోండి. పుట్టగొడుగులను ఈ లెక్కలో కలపొద్దు. వాటిలో పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది.

వెళ్లాలనుకుంటే తొలకరి తర్వాత, కలుపు తీసే రోజుల్లో వెళ్లండి. పూత పట్టాక గునుగు ఆకు ముదిరిపోతుంది, తినడానికి పనికిరాదు.