ఆడవాళ్ల సేఫ్టీ షూ, నాలుగో నంబరు: సైట్లో వాడి చూసి రాస్తున్నా

కొనొచ్చా అంటే, కొనొచ్చు. అయిదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద చెప్తాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇప్పుడు రెండు మూడు కంపెనీలవి దాదాపు ఒకేలా ఉంటున్నాయి, పేరుకన్నా ఏం చూసి కొనాలో తెలిస్తే చాలు.

నేను కోకాపేట వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సైట్లో సివిల్ ఇంజనీర్‌ని. నా కాలు నాలుగో నంబరు. షాపుల్లో సేఫ్టీ షూ ఆరు నుంచి మొదలవుతుంది, అదృష్టం బాగుంటే అయిదు. అందుకని ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆరో నంబరు బూట్లే, లోపల రెండు జతల సాక్సులు, ముందు పేపరు కుక్కి. చిన్న ఇబ్బందేగా అనిపిస్తుంది, స్లాబ్ మీద పరిచిన ఇనుప జాలీ మీద నడిచేదాకా. కాలు వంగేది ఒకచోట, బూటు వంగేది ఇంకోచోట. స్టీల్ టో, అంటే బూటు ముందు వేళ్లని కాపాడే ఇనుప తొడుగు, దాని అంచు సరిగ్గా వేళ్ల కణుపుల మీద ఒత్తుకుంటుంది, సాయంత్రానికి తోలు లేచిపోతుంది. మడమ నిలవదు కాబట్టి నిచ్చెన ఎక్కుతున్నంతసేపూ బూటు జారిపోకుండా వేళ్లు బిగపట్టుకోవాలి. అలా ఎక్కితే ఎవరైనా నెమ్మదిగానే ఎక్కుతారు. కింద ఉన్న సెంట్రింగ్ (స్లాబ్‌కి చెక్కలు బిగించే) మేస్త్రీకి మాత్రం కనిపించేది ఒక్కటే: "మేడమ్‌కి ఎత్తంటే భయం."

ఆ మాట అక్కడితో ఆగదు. ఆఫీసుకెళ్తుంది. అప్రైజల్ టైముకి "మీకు బిల్లింగ్ అయితే సుఖంగా ఉంటుందమ్మా, ఏసీలో కూర్చోవచ్చు" అనే సలహాగా తిరిగొస్తుంది. నాతోపాటు చేరిన ఆడపిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు ప్లానింగ్‌లోనో, క్వాలిటీ కాగితాల దగ్గరో ఉన్నారు. ప్రాజెక్ట్ మేనేజర్ అవ్వాలంటే మాత్రం అడిగేది "ఎన్నేళ్లు సైట్ ఎగ్జిక్యూషన్ చేశావు?" అని.

ఈ జత కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో షాపులన్నీ తిరిగాను. చాలాచోట్ల ఒకటే జవాబు: "లేడీస్ సైజు పెట్టం మేడమ్, అడిగేవాళ్లే ఉండరు." పెట్టకపోతే అడగరు, అడగకపోతే పెట్టరు. చివరికి ఒకాయన "చెప్పి తెప్పిస్తా, అడ్వాన్స్ ఇవ్వండి" అన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా. 1,850 రూపాయలు. అదే కంపెనీ మగవాళ్ల జత పక్కనే 1,300కి ఉంది. తోలు నాకు తక్కువ పడుతుంది, ధర ఎక్కువ పడుతుంది! ఒక మార్కు పోయింది ఇక్కడే.

ఇక బూటు సంగతి. ఐఎస్ఐ గుర్తు, దాని కింద ఐఎస్ 15298 (సేఫ్టీ షూలకి మన దేశపు ప్రమాణం నంబరు) అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది సేఫ్టీ షూ కాదు, లావుపాటి బూటు అంతే. టో 200 జౌల్స్ దెబ్బ తట్టుకోవాలి, అంటే సుమారు 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డా వేళ్లకి ఏమీ కాకూడదు. సెంట్రింగ్ చెక్కల మేకులు తిరగబడి ఉండే చోట పనిచేసేవాళ్లు ఎస్1పీ అని రాసి ఉన్నదే తీసుకోండి. మేకు దిగకుండా అడుగున పొర ఉందని దానర్థం. నాది కాంపోజిట్ టో, అంటే ఇనుము బదులు గట్టి ప్లాస్టిక్ లాంటిది, స్టీల్‌కన్నా తేలిక.

అసలు చూడాల్సింది మడమ దగ్గర. కొన్ని కంపెనీలు మగవాళ్ల అచ్చునే చిన్నది చేసి, పక్కన గులాబీ గీత గీసి లేడీస్ షూ అంటాయి. ఆడవాళ్ల పాదానికి ముందు భాగం వెడల్పుతో పోలిస్తే మడమ సన్నం. అచ్చు మార్చకపోతే నాలుగో నంబరు అయినా మడమ లేస్తుంది. షాపులోనే లేసు కట్టి, మునివేళ్ల మీద నిలబడి చూడండి. దీనికి మడమ పట్టుంది. ఊదారంగు గీత ఒకటి ఉందనుకోండి, సిమెంటు పుణ్యమా అని మొదటి రోజే అన్నీ బూడిద రంగే.

ఇప్పుడు నిచ్చెన మామూలుగా ఎక్కుతున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. నాక్కావాల్సిందీ అదే.

బూటు దొరికింది గానీ గ్లవుజులు, ఎత్తు నుంచి పడిపోకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ ఇంకా మగ కొలతల్లోనే ఉన్నాయి. మా ఒక్కళ్ల గోడే కాదు. నాసా అంతటిదే 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి చేయాల్సిన స్పేస్‌వాక్‌ని, మీడియం సైజు సూటు పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉందని మార్చేసింది. ఒకరి బదులు మగ వ్యోమగామి వెళ్లాడు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి బయటికి అడుగుపెట్టింది ఆ అక్టోబరులో, ఆ ఇద్దరిలో ఒకరు మారాక. మన దగ్గర 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లని భూగర్భంలో పనికే పెట్టుకోకూడదంది. 2019లో సడలించారు, అదీ టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకి. అన్నేళ్లు మనిషినే దిగనివ్వని చోట ఆమె సైజు బూటు ఎవరు కుడతారు?

ఇంతా చేసి నేను ఇంజనీర్‌ని, అడగగలిగాను, కొనుక్కోగలిగాను. సైట్లో ఆడవాళ్లంటే అసలు లెక్క పాలమూరు నుంచి వచ్చిన కూలీలది. ఇటుకలు మోసేది, కాంక్రీటు గట్టిపడేదాకా తడిపే క్యూరింగ్ నీళ్లు పెట్టేది వాళ్లే. వాళ్ల పేరు హెల్పర్. పక్కన అదే వయసు మగ హెల్పర్ రెండేళ్లకి తాపీ పట్టి మేస్త్రీ అవుతాడు. ఆమె పదిహేనేళ్లయినా హెల్పరే. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, కానీ ఇద్దరి పనికీ పేర్లు వేరు కాబట్టి కూలీ వేరు.

స్లాబ్ పోసే రోజు కాంక్రీటు సందుల్లోకి దిగేలా కుదిపే వైబ్రేటర్ పట్టుకునే కుర్రాడికి గంబూట్లు ఉంటాయి. వెనకాల పారతో కాంక్రీటు లాగే ఆమెకి రబ్బరు చెప్పులు. పచ్చి సిమెంటుకి చర్మాన్ని కాల్చే గుణం ఉంది. ఆమె మడమల పగుళ్లలో తెల్లగా పట్టేసి, వేళ్ల సందుల్లో పుండ్లు. నా కొత్త బూటు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "మంచిగున్నయ్ మేడమ్. మాకెవలిస్తరు?" అంది. పచ్చి కాంక్రీటులో పనిచేసే ప్రతి ఒక్కరికీ నీళ్లు దిగని బూట్లు ఇవ్వాలని 1998 నాటి కేంద్ర నిర్మాణ కార్మికుల నియమాల్లోనే రాశారు. ఆడ, మగ అని అందులో లేదు.

స్టోర్స్‌కి వెళ్లి ఇండెంట్ (కావాల్సిన సామాను అడిగే కాగితం) రాయబోతే ఫారంలో సైజుల గడి ఆరు నుంచి మొదలైంది. దాని పక్కన పెన్నుతో మూడు, నాలుగు, అయిదు అని గడులు గీసి, ఒక్కొక్కళ్ల కాలు కొలిచి నింపి ఇచ్చాను. "హెల్పర్లకి శాంక్షన్ ఉందా మేడమ్?" అన్నాడు స్టోర్ కీపర్. నియమం ప్రింటు తీసి వెనక పిన్ను కొట్టాను. ప్రస్తుతం పర్చేజ్ వాళ్ల దగ్గరుంది. వస్తే గంబూట్ల గురించి కూడా రాస్తాను. ఈలోపు మూడో నంబరు గంబూట్లు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.