శవాలు లేస్తాయి, తూటాలు చూసుకోండి: ‘రిటర్న్ టు క్యాజిల్ వోల్ఫెన్‌స్టైన్’ రివ్యూ

2001 నవంబరులో వచ్చిన షూటర్ ఇది. కథ 1943లో జరుగుతుంది. నాజీల సాయుధ దళమైన ఎస్ఎస్ వాళ్ల అతీంద్రియ విభాగం వెయ్యేళ్ల కిందటి జర్మన్ రాజు మొదటి హైన్రిష్‌ని సమాధిలోంచి లేపాలని చూస్తుంది, హీరో బ్లాజ్‌కోవిచ్ అడ్డుపడతాడు. ఏడు మిషన్లలో పూర్తిగా దెయ్యాల పాలైనవి రెండో, ఏడో మిషన్లే. మిగతావి ప్రయోగశాలలు, రాకెట్లు, గూఢచర్యం. ఆ రెండింటి కోసమైనా కొనాల్సిన గేమే.

రెండో మిషన్‌లో ఊరు దాటగానే నేలమాళిగ సమాధుల్లోకి దిగుతాం. అక్కడ ఎస్ఎస్ వాళ్లు తవ్వి లేపిన శవాలు వాళ్లమీదే పడుతుంటాయి. కొత్తవాళ్లు చేసే తప్పేమిటంటే ఆ కొట్లాట మధ్యలోకి దూరడం. తలుపు దగ్గరే ఆగండి, ఒకళ్లనొకళ్లు తినేశాక మిగిలినవాళ్లని మీరు చూసుకోవచ్చు. కూలిన శవం చచ్చిందనుకుని వెనక్కి తిరిగితే కొన్ని సెకన్లకే లేచి నిలబడుతుంది. పడిన చోటే గ్రెనేడ్ వేస్తే ముక్కలైపోతుంది, ఇక లేవదు. డాలు పట్టిన యోధుల శవాలు ఇంకో రకం. ఆపకుండా కాల్చే కొద్దీ డాలు అడ్డం పెట్టుకుంటాయి, తూటాలన్నీ దండగ. కాల్పులాపి, డాలు దించాక మళ్లీ మొదలుపెట్టాలి.

తూటాల లెక్క కూడా చెప్పాలి. లూగర్, ఎంపీ40, స్టెన్ తుపాకులు మూడూ ఒకే 9 ఎంఎం తూటాలు వాడతాయి. స్టెన్ చప్పుడు చెయ్యదు గానీ ఆపకుండా కాలిస్తే వేడెక్కి మొరాయిస్తుంది, అందుకే రెండు మూడు తూటాల చొప్పున కాల్చాలి. మూడో మిషన్‌లోని అడవి దశలో అలారం మోగిందా, మిషన్ పోయినట్టే. అక్కడ స్టెన్ లాంటి చప్పుడు చెయ్యని ఆయుధమే దారి.

మతం సంగతికొస్తే, రెండో మిషన్‌లో అపవిత్రం చేసిన చర్చి పేరుతో ఒక దశే ఉంది. కానీ ఆ చర్చిలో శిలువ గానీ తీర్థం గానీ ఎవర్నీ కాపాడవు. మంత్రశక్తి అంతా శత్రువుల చేతిలోనే, మన చేతిలో తుపాకీ తప్ప ఏమీ లేదు. దెయ్యం కూడా తూటాకే చస్తుంది. గేమ్‌గా తెలివైన నిర్ణయమే, నమ్మకం మీద కథగా చూస్తే మాత్రం కాస్త చప్పగా ఉంటుంది.

గేమ్‌లో హైన్రిష్‌ని లేపే పూజారిణి పేరు మరియానా బ్లావట్స్కీ. దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన హెలెనా బ్లావట్స్కీని గుర్తుచెయ్యడానికే పెట్టినట్టుంది. అడయారులో ఆ సమాజం, మదనపల్లెలో బీసెంట్ కాలేజీ తెలిసిన మనవాళ్లకి ఈ పేరు కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. హెలెనా 1891లోనే పోయింది, నాజీ పార్టీ అప్పటికి లేనే లేదు.

అసలు చరిత్ర మాత్రం గేమ్‌కి బాగానే దగ్గర. ఎస్ఎస్ అధిపతి హిమ్లర్ 1935లో, జర్మన్ల పూర్వీకుల మీద పరిశోధన పేరుతో, ఆనెనెర్బె అనే సంస్థ పెట్టించాడు. 1936 జులై 2న, హైన్రిష్ చనిపోయి వెయ్యేళ్లయిన సందర్భంగా, క్వెడ్లిన్‌బుర్గ్‌లో అతని సమాధి దగ్గర నివాళి సభ జరిపించాడు. గేమ్‌లో అధికారుల్ని చంపే ఊరు పాడర్‌బోర్న్. దానికి దగ్గరలోనే హిమ్లర్ ఎస్ఎస్ కోసం తీసుకున్న నిజమైన కోట వెవెల్స్‌బుర్గ్ ఉంది. ఆ కోట పనులకి పక్కనే నీడర్‌హాగెన్ నిర్బంధ శిబిరం పెట్టి ఖైదీల చేత చాకిరీ చేయించారు, కనీసం 1,285 మంది అక్కడ చనిపోయారు. గేమ్‌లో ఎముకల గూళ్లు బోలెడు, ఆ ఖైదీల జాడ మాత్రం ఎక్కడా లేదు. ఈ గేమ్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

గోడల నిండా కనిపించే గుర్తు మన గడప మీది స్వస్తిక్ కాదు, నాజీల హాకెన్‌క్రాయిట్జ్. నాజీ జెండా మీద తెల్లటి వృత్తంలో 45 డిగ్రీలు తిప్పి ఉంటుంది. జర్మనీ ఎడిషన్‌లో దాన్ని తీసేశారు.

ఇప్పటి కంప్యూటర్లో పాత ఇన్‌స్టాలర్‌తో నేరుగా నడిపితే గ్రాఫిక్స్ గీసే ఓపెన్‌జీఎల్ (OpenGL) లోడ్ కాలేదంటూ మొదట్లోనే ఆగిపోవచ్చు. ఇది క్వేక్ 3 అనే పాత గేమ్ ఇంజిన్ మీద నడిచే గేమ్, కొత్త గ్రాఫిక్స్ కార్డు పంపే పొడవైన ఎక్స్‌టెన్షన్ల జాబితాని తట్టుకోలేదు. 2010లో సోర్స్ కోడ్ బయటపెట్టారు కాబట్టి దాని మీద కట్టిన ఐఓఆర్‌టీసీడబ్ల్యూ (iortcw) అనే ప్రోగ్రామ్ వాడండి. కొన్న గేమ్‌లోని మెయిన్ ఫోల్డర్ నుంచి పాక్0 (pak0), ఎస్‌పీ_పాక్ (sp_pak) అని మొదలయ్యే పీకే3 (.pk3) ఫైళ్లన్నీ దాని మెయిన్ ఫోల్డర్లోకి కాపీ చెయ్యాలి. ఒక్కటి మరిచినా ఆట మొదలవదు, లేదా మధ్యలో ఆగుతుంది. తర్వాత ఆటోఎగ్జెక్ (autoexec.cfg) ఫైల్లో ఆర్_మోడ్ (r_mode) విలువ మైనస్ 2 పెడితే మీ డెస్క్‌టాప్ రిజల్యూషనే తీసుకుంటుంది.

చివరి పోరాటానికి, చాలా గొట్టాలున్న వెనమ్ గన్ తూటాలు దాచుకోండి. దాని గొట్టాలు తిరగడం అందుకున్నాకే తూటాలు వస్తాయి. అందుకని హైన్రిష్ ఎదురుపడ్డాక ట్రిగ్గర్ నొక్కితే ఆలస్యం, స్తంభం చాటునుంచే తిప్పుతూ బయటికి రండి.